భాగిస్తే నిరోధం, హెచ్చిస్తే పవరు: రెండు లెక్కలు, రెండు వందల ఏళ్ల పేచీ

తెలుగులో కరెంటు అన్న ఒక్క మాట చాలా బరువు మోస్తుంది. సరఫరా ఆగితే కరెంటు పోయిందంటాం, బల్బు గుడ్డిగా వెలిగితే కరెంటు చాలడం లేదంటాం, నెల తిరిగేసరికి వచ్చేది కరెంటు బిల్లు. నిజానికి మొదటిసారి పోయింది వోల్టేజీ, రెండోసారి తగ్గిందీ వోల్టేజీయే, మూడోసారి డబ్బు కట్టింది శక్తికి. పదిమంది మాట్లాడుకోవడానికి ఈ కలగాపులగం అడ్డు రాదు. పాఠ్యపుస్తకాలు దీన్ని విడదీసి విద్యుత్ ప్రవాహం, పొటెన్షియల్ భేదం, విద్యుత్ సామర్థ్యం అని వేరువేరు పేర్లు పెట్టాయి. సామర్థ్యం అన్న మాటను యంత్రం ఎంత మేర పని రాబట్టిందో చెప్పడానికీ వాడతాం కనుక ఇక్కడ పవరు అనే అందాం.

లెక్క చూడబోతే చిన్నదే. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం ఓముల్లో వస్తుంది, హెచ్చిస్తే పవరు వాట్లలో వస్తుంది. 230 వోల్టుల ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 4.35 ఆంపియర్లు లాగుతుంది. లోపలి నిక్రోమ్ తీగ నిరోధం 52.9 ఓములు. పదో తరగతి విద్యార్థి నిమిషంలో తేల్చేస్తాడు. ఇంత చిన్న లెక్క మీద భౌతిక శాస్త్రజ్ఞులు దాదాపు ఒక శతాబ్దం, ఇంజనీర్లు ఇంకో శతాబ్దం వాదించుకున్నారు. ఇంజనీర్ల వాదన ఇప్పటికీ ముగియలేదు. ఆ వాదాలను వరసగా పేర్చి చూస్తే ఒకటి తేటపడుతుంది: ఒక క్షణంలో, ఒకే జత కొనల దగ్గర కొలిచిన వోల్టేజీ, కరెంటుల మీద చేసిన భాగహారాన్ని గానీ గుణకారాన్ని గానీ ఎవరూ కాదనలేదు. భాగహారంలో వచ్చిన అంకెను ఆ వస్తువు స్వభావంగా చదివినప్పుడు, గుణకారంలో క్షణాలకు బదులు సగటులను పెట్టినప్పుడు మాత్రమే పేచీ పుట్టింది.

ఓమ్ మొదట చేసిన తప్పు

ఓమ్ కన్నా నలభై ఏళ్లకు పైగా ముందే ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ ఈ సంబంధాన్ని పసిగట్టాడు. 1781లో ఆయన దగ్గర కరెంటు కొలిచే సాధనమేదీ లేదు. ఉప్పునీళ్లు నింపిన గొట్టాల గుండా లేడెన్ జాడీల విద్యుత్తును తన ఒంట్లోకి పంపుకొని, తగిలిన షాకు ఏది గట్టిదో ఏది మెత్తదో పోల్చుకుంటూ నిరోధాలను అంచనా కట్టాడు. ఒళ్లే మీటరు. ఆ కాగితాలను ఆయన అచ్చు వేయలేదు. మాక్స్‌వెల్ వాటిని పరిష్కరించి 1879లో వెలువరించేసరికి నియమం మీద ఓమ్ పేరు స్థిరపడిపోయింది.

కొలోన్ నగరంలో పంతులుగా ఉన్న జార్జ్ సైమన్ ఓమ్ 1825లో వేసిన మొదటి పత్రంలోని సూత్రం తప్పు. తీగ పొడుగు పెరిగేకొద్దీ కరెంటు ప్రభావం లాగరిథమ్ లెక్కన తగ్గుతుందని అందులో రాశాడు. తప్పు ఆయన చేతిది కాదు, బ్యాటరీది. వోల్టా తరహా బ్యాటరీ కరెంటు లాగేకొద్దీ నీరసపడేది. కొలత మొదలుపెట్టినప్పుడు ఉన్న వోల్టేజీ ముగించేసరికి ఉండేది కాదు. తోటి శాస్త్రజ్ఞుడు పొగెన్‌డార్ఫ్ సలహా మీద ఓమ్ మరుసటి ఏడాది బ్యాటరీని పక్కన పెట్టి, సీబెక్ 1821లో కనిపెట్టిన ఉష్ణవిద్యుత్ జంటను పట్టుకున్నాడు. బిస్మత్, రాగి కలిసే అతుకుల్లో ఒకటి మరిగే నీళ్ల దగ్గర, రెండోది మంచులో. రెండు ఉష్ణోగ్రతలూ కదలవు కాబట్టి వోల్టేజీ కదలదు. వేలాడదీసిన అయస్కాంతపు సూది ఎంత తిరిగిందో చూసి కరెంటును కొలిచాడు. ఒక స్థిర సంఖ్యను, మరో స్థిర సంఖ్యకు తీగ పొడుగు కలిపిన మొత్తంతో భాగిస్తే కరెంటు వస్తుందని ఈసారి తేలింది. పైనున్నది వోల్టేజీకి, కిందున్నది సాధనంలోని మిగతా నిరోధానికి గుర్తు. 1827లో బెర్లిన్‌లో పుస్తకం వచ్చింది. స్వదేశంలో ఆదరణ అంతంతమాత్రంగా ఉండగా, లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చింది.

ఈ కథ సాధారణంగా ఆదరణ దొరకని మేధావి కథగా చెబుతారు. దానికన్నా 1825కీ 1826కీ మధ్య జరిగిన మార్పు విలువైనది. తీగలు, సూది, లెక్క తెలిసిన మనిషి, అన్నీ ముందున్నవే. కదలకుండా బిగించవలసినదాన్ని బిగించాక గానీ అంకెలు మాట వినలేదు.

నియమమా, నిర్వచనమా

ఓమ్ నియమం గురించి మూడు పక్షాలున్నాయి. వోల్టేజీని కరెంటుతో భాగించగా వచ్చేదే నిరోధం, అది నిర్వచనం, దేనికైనా ఎప్పుడైనా వర్తిస్తుందనేది మొదటి పక్షం. కొలతసాధనాలతో పొద్దస్తమానం పనిచేసేవారు ఎక్కువగా ఇటే ఉంటారు. రెండో పక్షం ప్రకారం నిర్వచనం నియమం కాలేదు. వోల్టేజీ మార్చినా ఆ భాగఫలం మారకపోవడమే నియమం, అది కొన్ని వస్తువుల్లో, ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడే నిజం. మన పదో తరగతి భౌతికశాస్త్ర పాఠం ఈ పక్షాన్నే చక్కగా చూపిస్తుంది: ముందు ఇనుప ఊచతో ప్రయోగం చేయించి భాగఫలం మారడం లేదని చూపి, ఊచ తీసి ఎల్‌ఈడీ పెట్టించి మారుతోందని చూపిస్తుంది. మూడో పక్షం భౌతిక శాస్త్రజ్ఞులది. తీగను వదిలేసి లోహంలో ఒక్కో బిందువు దగ్గర విద్యుత్ క్షేత్రానికీ ప్రవాహ సాంద్రతకీ ఉన్న నిష్పత్తిని వారు చూస్తారు. కిర్కాఫ్ 1840లలో వేసిన ఈ బాటలో, 1900లో డ్రూడ్ ఎలక్ట్రాన్లు లోహపు అయాన్లను ఢీకొంటూ సాగే నమూనా ఇచ్చాడు. తర్వాత సోమర్‌ఫెల్డ్ దాన్ని క్వాంటం సిద్ధాంతంతో సరిదిద్దాడు.

రెండో పక్షానికి గట్టి పరీక్ష 1870లలో ఎదురైంది. లోహాల్లోనే నియమం కాస్త తప్పుతున్నట్టుందని ఆర్థర్ షుస్టర్ 1874లో ప్రకటించాడు. బ్రిటిష్ అసోసియేషన్ దీన్ని తేల్చడానికి పూనుకోగా, మాక్స్‌వెల్ పర్యవేక్షణలో జార్జ్ క్రిస్టల్ కేంబ్రిడ్జిలో ప్రయోగాలు చేశాడు. తీగ వేడెక్కడం వల్ల వచ్చే మార్పును విడదీసి చూస్తే, లక్ష కోట్లలో ఒక వంతు తేడా కూడా కనబడలేదని 1876లో తేల్చారు. లోహం విషయంలో నియమం నిలిచింది. 2012లో ఆస్ట్రేలియాలో మిషెల్ సిమన్స్ బృందం సిలికాన్‌లో ఫాస్ఫరస్ పరమాణువులు పేర్చి, నాలుగు పరమాణువుల వెడల్పు, ఒక పరమాణువు ఎత్తున్న తీగ చేసి చూస్తే అక్కడా నిలిచింది. క్వాంటం చిత్రాలు మొదలవుతాయని చాలామంది అనుకున్న చోట కూడా ఓమ్ చెక్కుచెదరలేదు.

మరి ఎక్కడ తప్పుతుంది? ఇంట్లో ఉండే పాత 60 వాట్ల బల్బులోనే తప్పినట్టు కనిపిస్తుంది. 230 వోల్టుల మీద వెలుగుతున్నప్పుడు దాని నిరోధం లెక్కకు 880 ఓములు దాటుతుంది. ఆర్పి, చల్లారాక మల్టీమీటరు పెడితే 60, 70 ఓములు చూపిస్తుంది. ఆ చల్లటి అంకెతో 230 వోల్టుల పవరు లెక్కగడితే ఎనిమిది వందల వాట్లు అటూఇటూ వస్తుంది. రెండు కొలతలూ నిజమే, రెండు భాగహారాలూ నిజమే. టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీల దగ్గరికి చేరేసరికి నిరోధం పన్నెండు, పదమూడు రెట్లవుతుంది. స్విచ్చి వేసిన తొలి క్షణంలో కరెంటు పెద్ద ఎత్తున దూసుకు రావడం, బల్బులు తరచుగా స్విచ్చి వేసిన క్షణంలోనే పేలిపోవడం ఇందువల్లే. ఇస్త్రీపెట్టెలోని నిక్రోమ్ ఇలా చేయదు. వేడెక్కినా దాని నిరోధం కొద్ది శాతమే మారుతుంది. వోల్టేజీ 230 నుంచి 190కి పడితే ఇస్త్రీపెట్టె పవరు వెయ్యి నుంచి 680 వాట్ల దాకా దిగుతుందని ధైర్యంగా చెప్పొచ్చు. బల్బు విషయంలో అదే నిష్పత్తితో చెబితే తప్పుతాం: తీగ కాస్త చల్లబడి నిరోధం తగ్గుతుంది కాబట్టి పవరు అంతగా పడదు.

డయోడు దగ్గర ఇంకో మెలిక. 0.6 వోల్టు దగ్గర ఒక మిల్లీ ఆంపియరు పారుతుంటే భాగఫలం 600 ఓములు. అదే చోట వోల్టేజీని వెంట్రుకవాసి పెంచి, కరెంటు ఎంత పెరిగిందో చూసి, పెరుగుదలను పెరుగుదలతో భాగిస్తే దాదాపు 26 ఓములు. సర్క్యూటు గీసేవాడికి ఎక్కువసార్లు కావలసింది రెండోదే. లియో ఎసాకి 1957లో కనిపెట్టిన టన్నెల్ డయోడులో ఒక దశలో వోల్టేజీ పెంచితే కరెంటు తగ్గుతుంది. మొదటి భాగఫలం ధనంగా ఉంటే రెండోది రుణం. నిరోధం ఎంత అన్న ప్రశ్నకు ఇక్కడ ఒకే జవాబు అడగడమే తప్పు.

ఇదంతా మాటల పేచీ, ఏ అర్థం తీసుకున్నా లెక్క చేసేవాడు నష్టపోడు కదా అన్న ఆక్షేపణ ఉంది. మోటారు వైండింగ్ ఇన్సులేషన్ పరీక్ష దానికి జవాబు. మెగ్గర్ పెట్టి 500 వోల్టుల డీసీ ఇచ్చినప్పుడు అది చూపే మెగాఓములు నిమిషానికీ పది నిమిషాలకీ ఒకటిగా ఉండవు. ఆరోగ్యంగా ఉన్న ఇన్సులేషన్‌లో అంకె పైపైకి పోతుంది. చెమ్మ పట్టినదానిలో కదలదు. పదో నిమిషం రీడింగును మొదటి నిమిషం రీడింగుతో భాగించి ధ్రువణ సూచిక అంటారు. పెద్ద మోటార్లలో అది రెండుకు తగ్గితే అనుమానించాలి. ఇక్కడ నిరోధం స్థిరంగా ఉండటం జబ్బు లక్షణం. భాగఫలం వస్తువు స్వభావమనీ, స్వభావం మారదనీ అనుకునేవాడికి ఈ పరీక్ష అర్థమే కాదు. నా తీర్పు చెప్పాలంటే, నిరోధాన్ని నిర్వచనంగా తీసుకోవడం, ఓమ్ నియమాన్ని కొన్ని పదార్థాలకు సరిపోయే అనుభవసిద్ధ సత్యంగా ఉంచడం సరైనది. రెండిటికీ ఒకే పేరు పెట్టి బోధించడం వల్లే పిల్లలు బల్బు దగ్గర తడబడుతున్నారు.

మీటరు ఎక్కడ పెట్టాలి

కొలత దగ్గరి వాదం చిన్నదే, చాలావరకు తేలిపోయినదే. వోల్టుమీటరు, అమ్మీటరు రెండూ కలిపి నిరోధం కొలిచేటప్పుడు ఒకటి నిజం చెబితే రెండోది కొంచెం అబద్ధం చెబుతుంది. అమ్మీటరును లోపలికి చేరిస్తే దాని నిరోధం మన లెక్కలో కలుస్తుంది: పది ఓముల తీగతో పాటు అర ఓము అమ్మీటరును కొలిస్తే అయిదు శాతం తేడా. వోల్టుమీటరును లోపలికి చేరిస్తే అది లాగే కరెంటు కలుస్తుంది: పది మెగాఓముల మల్టీమీటరును ఒక మెగాఓముకు అడ్డంగా పెడితే తొమ్మిది శాతం తేడా. అందుకే చిన్న నిరోధాలకు ఒక పద్ధతి, పెద్దవాటికి ఇంకొకటి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులు, బస్‌బారు అతుకుల్లాంటి మైక్రోఓముల చోట అసలు చిక్కు మీటరు తీగలదే. వాటి నిరోధమే కొలవవలసినదానికన్నా ఎక్కువ. కరెంటు పంపడానికి ఒక జత, వోల్టేజీ చూడటానికి వేరే జత తీగలు వాడే కెల్విన్ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం నుంచీ దీనికి పరిష్కారంగా ఉంది.

నాలుగు తీగల పద్ధతి ఒక వింతకు దారి తీసింది. 1980లో క్లాస్ ఫన్ క్లిట్జింగ్ అతిశీతల స్థితిలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచిన సిలికాన్ పరికరంలో కరెంటు దారికి అడ్డంగా పుట్టే హాల్ వోల్టేజీని కొలిచాడు. దాన్ని కరెంటుతో భాగిస్తే 25,812.807 ఓములు, లేదా దాన్ని పూర్ణసంఖ్యతో భాగించగా వచ్చే విలువలు. పదార్థంతో, పరికరం ఆకారంతో సంబంధం లేదు; ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. ఆయనకు 1985లో నోబెల్ వచ్చింది. 2019 మే 20 నుంచి అమలైన ఎస్ఐ ప్రమాణాల్లో ఆ రెండు స్థిరాంకాలకూ కచ్చితమైన విలువలు నిర్ణయించడంతో ఓముకు ఇదే ఆధారమైంది. ఇంత కచ్చితమైన భాగహారాలు అరుదు. కానీ అదే హాల్ వోల్టేజీని అదే కరెంటుతో హెచ్చించి ఇన్ని వాట్లు ఖర్చయ్యాయంటే తప్పు, ఎందుకంటే వోల్టేజీ అడ్డంగా ఉంది, కరెంటు నిలువుగా పోతోంది. భాగించడానికి పనికొచ్చిన జత హెచ్చించడానికి పనికి రాలేదు.

ఉష్ణమాపకం ఇచ్చిన సూత్రం

పవరు సూత్రం పుస్తకంలో చివర వస్తుంది కానీ చరిత్రలో దానిది వేరే తోవ. మాంచెస్టర్ దగ్గర జేమ్స్ ప్రెస్కాట్ జూల్ నీళ్ల జాడీలో తీగచుట్ట ముంచి, ఉష్ణమాపకం చూసి, కరెంటు వర్గాన్ని నిరోధంతో హెచ్చించిన మేరకు వేడి పుడుతుందని 1841లో అచ్చువేశాడు. రష్యాలో లెంజ్ స్వతంత్రంగా అదే చెప్పాడు. దాన్ని ఓమ్ నియమంతో కలిపితే వోల్టేజీ, కరెంటుల లబ్ధం వస్తుంది. అలాగే వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించే రూపమూ వస్తుంది. మూడు రూపాలూ ఒకటేనని పిల్లలకు చెప్పేస్తాం. అవి ఒకటి కావు. వోల్టేజీ అంటేనే ఒక్కో కూలుంబుకు అందే శక్తి కాబట్టి వోల్టేజీ, కరెంటుల లబ్ధం ఏ పరికరానికైనా అందుతున్న మొత్తం పవరు. జూల్ రూపం అందులో వేడిగా మారిన భాగాన్నే చెబుతుంది. ఇస్త్రీపెట్టెలో అందినదంతా వేడే కాబట్టి తేడా కనబడదు.

బోరుబావి మోటారులో కనబడుతుంది. అయిదు హార్స్‌పవరు మోటారు 3.73 కిలోవాట్ల యాంత్రిక పవరు ఇవ్వాలి. దాని ఎఫిషియెన్సీ 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ (దీని సంగతి తర్వాతి భాగంలో) 0.8 అనుకుంటే 415 వోల్టుల త్రీఫేజులో ఒక్కో ఫేజుకు 8.1 ఆంపియర్లు. వేసవిలో లైను చివర వోల్టేజీ 350కి పడిపోతే? ఓమ్ నియమం ఒంటబట్టినవాడు కరెంటు కూడా తగ్గుతుందంటాడు. జరిగేది తలకిందులు. పంపు ఎత్తవలసిన నీళ్లు అవే, లోతు అదే. మోటారు ఇంచుమించు అదే పవరు లాగడానికి 9.6 ఆంపియర్లు తీసుకుంటుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి నలభై శాతం పెరుగుతుంది. లో వోల్టేజీకి మోటారు కాలిపోయిందని రైతు చెప్పే మాటలో సూత్రం లేకపోయినా నిజం ఉంది. తిరుగుతున్న మోటారు వోల్టేజీని కరెంటుతో భాగించగా వచ్చేది వైండింగు నిరోధం కాదు. తిరిగేటప్పుడు మోటారే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, భాగఫలంలో అదంతా కలిసి ఉంటుంది.

ఏసీ తెచ్చిన చిక్కు

డీసీలో క్షణం, సగటు ఒకటే. ఏసీలో వోల్టేజీ సెకనుకు యాభై ఆవర్తనాలు చేస్తుంది, కరెంటు దానితో అడుగు కలపకపోవచ్చు. క్షణక్షణం హెచ్చించి సగటు తీస్తే నిజమైన పవరు, కిలోవాట్లు. ముందే వోల్టేజీకి ఒక సగటు, కరెంటుకు ఒక సగటు (ఆర్ఎంఎస్ విలువలు) తీసి ఆ రెంటినీ హెచ్చిస్తే కేవీఏ. రెండిటి నిష్పత్తి పవర్ ఫ్యాక్టర్. తరంగం నున్నగా సైన్ ఆకారంలో ఉన్నంతవరకు తేడాను ఒకే కారణానికి ఆపాదించొచ్చు: కరెంటు వెనకబడింది, మోటారు అయస్కాంత క్షేత్రం కోసం కొంత శక్తి లైనులో ముందుకూ వెనక్కూ ఊగుతోంది. దాన్ని రియాక్టివ్ పవరు (కేవీఏఆర్) అన్నారు. మూడు రాశులూ లంబకోణ త్రిభుజం భుజాల్లా అమరుతాయి. ఇంత అందమైన బొమ్మ ఇంజనీర్ల చేతికి చిక్కడం తర్వాతి చిక్కులకు సగం కారణం.

ఈ త్రిభుజం పనికిరానిదేమీ కాదు. పై మోటారుకే రెండు కేవీఏఆర్ కెపాసిటరు కడితే లైనులో కరెంటు 8.1 నుంచి 6.8 ఆంపియర్లకు దిగుతుంది, లైను నష్టం సుమారు 29 శాతం తగ్గుతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక, దానికి పెట్టిన షరతుల్లో ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు, ఘర్షణ తక్కువ ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులతో పాటు కెపాసిటరు కూడా చేరింది ఇందుకే. కెపాసిటరు పెడితే మోటారు వాడే యూనిట్లు తగ్గవు. తగ్గేది లైను మీది భారం, బాగుపడేది లైను చివరి వోల్టేజీ. ఈ తేడా తెలియనివారి మీదే పవర్ సేవర్ డబ్బాల వ్యాపారం నడుస్తోంది. అమ్మేవాడు మోటారు నడుస్తుండగా మెయిన్ తీగకు టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే సాధనం) తగిలించి, డబ్బాను ప్లగ్గులో పెట్టి, ఆంపియర్లు తగ్గడం కళ్లారా చూపిస్తాడు. ఆంపియర్లు నిజంగానే తగ్గుతాయి. ఇంటి మీటరు లెక్కపెట్టేది కిలోవాట్ అవర్లను, కాబట్టి బిల్లు తగ్గదు.

తరంగం సైన్ ఆకారం తప్పితే త్రిభుజం విరుగుతుంది. ఈ ముసలం తొందరగానే పుట్టింది. విద్యుత్ ఆర్క్‌లో కరెంటు వెనకబడకుండానే పవర్ ఫ్యాక్టర్ ఒకటికన్నా తగ్గుతోందని చార్లెస్ స్టైన్‌మెట్జ్ 1892లోనే గమనించాడు. ఆ రోజుల్లో ఆర్క్ దీపాలు. ఇవాళ ఎల్‌ఈడీలు, చార్జర్లు, వేగం మార్చే డ్రైవులు. వీటిలో చాలావాటికి కరెంటు, వోల్టేజీ తరంగపు శిఖరం దగ్గర చిన్న పోటులా వచ్చి ఆగిపోతుంది. 0.5 పవర్ ఫ్యాక్టరున్న తొమ్మిది వాట్ల బల్బు 18 వోల్ట్ ఆంపియర్లు లాగుతుంది. ఆ తేడాను ఏమని పిలవాలి? వెనకబడిన కరెంటు కాదు, కెపాసిటరు కడితే పోదు. సగటును కొలిచి 1.11తో హెచ్చించి చూపే చౌక టాంగ్ టెస్టర్లు ఈ పోటుల కరెంటును తక్కువగా చూపడం మరో తలనొప్పి.

బుదేను, ఫ్రీజె, ఆ తర్వాతివారు

రుమేనియా ఇంజనీరు కాన్‌స్టాంటిన్ బుదేను 1927లో ఇచ్చిన జవాబు చాలాకాలం ఏలింది. తరంగాన్ని హార్మోనిక్‌లుగా, అంటే మూల పౌనఃపున్యానికి గుణిజాలైన సైన్ తరంగాలుగా విడగొట్టి, ఒక్కోదానికీ రియాక్టివ్ పవరు లెక్కగట్టి, అన్నిటినీ కూడి ఒక రాశి అన్నాడు. కేవీఏలో ఇంకా మిగిలినదానికి వక్రీకరణ పవరు అని పేరు పెట్టాడు. పాత త్రిభుజానికి మూడో దిక్కు చేర్చినట్టుంది కాబట్టి పుస్తకాలకు నచ్చింది. పోలండు ఆచార్యుడు స్టానిస్లా ఫ్రీజె 1930ల మొదట్లో హార్మోనిక్‌ల జోలికే పోకుండా కరెంటునే రెండుగా చీల్చాడు: అదే వోల్టేజీ కింద అంతే పవరు తినే ఒక ఊహా నిరోధం లాగే కరెంటు ఒకటి, మిగిలినదంతా ఇంకొకటి. భాగహారం, గుణకారం రెండూ ఇక్కడ ఒకచోట కలిశాయి. లోడు ఎంత చిత్రమైనదైనా దాని పనికొచ్చే భాగాన్ని ఓమ్ తీగగా చూడొచ్చన్నమాట. ఈ పద్ధతిలో లెక్కకు లొసుగు లేదు. మిగిలిన కరెంటు ఎందుకు పుట్టిందో, దేనితో పోగొట్టాలో మాత్రం అది చెప్పదు.

పోలండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన లెషెక్ చార్నెట్స్కీ 1987లో బుదేను పద్ధతి మీద నేరుగా దాడి చేశాడు. వేర్వేరు హార్మోనిక్‌ల రియాక్టివ్ పవర్లు ధన రుణాలుగా ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు; కూడిక సున్నా వచ్చినంత మాత్రాన ఊగిసలాట ఆగినట్టు కాదు. వక్రీకరణ పవరు అన్నది సున్నా అయినా వోల్టేజీతో పోలిస్తే కరెంటు తరంగం వంకర పోవచ్చు, సున్నా కాకపోయినా అలాంటి వంకర ఉండాలని లేదు. ఈ అంకెలను నమ్మి కెపాసిటరు ఎంపిక చేస్తే తప్పుతుంది. ఆయన తన పద్ధతిలో కరెంటును పుట్టిన కారణాన్ని బట్టి చీల్చాడు. జపానులో అకాగి, కనజావా, నబాయె 1983లో ఇంకో తోవ తొక్కారు: సగటులను పక్కన పెట్టి, మూడు ఫేజుల వోల్టేజీ, కరెంటులను ఆ క్షణానికే కలిపి లెక్కగట్టారు. హార్మోనిక్‌లను అక్కడికక్కడే అదుపు చేసే యాక్టివ్ ఫిల్టర్లు దీని మీదే పెరిగాయి. చార్నెట్స్కీ దీన్నీ విమర్శించాడు; క్షణం నాటి అంకెలు లోడు స్వభావాన్ని చెప్పలేవన్నది ఆయన మాట.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పారని తెలుస్తుంది. బుదేను కేవీఏలో తేడాకు పేరు అడిగాడు, ఫ్రీజె వ్యర్థపు కరెంటు ఎంతో అడిగాడు, చార్నెట్స్కీ అది ఎక్కడ పుట్టిందో అడిగాడు, అకాగి బృందం ఈ క్షణంలో ఏం చేయాలో అడిగింది. ఇందులో బుదేను ప్రశ్నే అన్నిటికన్నా బలహీనం, ఎందుకంటే పేరు పెట్టాక దానితో చేయగలిగిన పని లేదు. ఐఈఈఈ 1459 ప్రమాణం, 2010 నాటి రూపంలో, బుదేనును పక్కకు నెట్టి ఆచరణ దారి పట్టింది: 50 లేదా 60 హెర్ట్జ్ మూలతరంగం పవరును విడిగా, మిగతా అంతటినీ ఒక మూటగా చూపమంది. మూలతరంగం లెక్క కెపాసిటర్లకు, మూట లెక్క ఫిల్టర్లకు.

ఇంకా తేలనిది

కిలోవాట్ల మీద నూట ముప్పై ఏళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. ఎన్ని తీగలుంటే వాటికన్నా ఒకటి తక్కువ వాట్‌మీటర్లతో మొత్తం పవరు కొలవొచ్చని బ్లాండెల్ 1893లో నిరూపించిన సిద్ధాంతం వంకర తరంగాలకూ, సమతూకం లేని ఫేజులకూ చెల్లుతుంది. శక్తి తీగలో పోతోందా, తీగ చుట్టూ క్షేత్రంలో పోతోందా అని 1884లో పాయింటింగ్ సిద్ధాంతంతో లేచిన తర్కం కూడా ఈ మొత్తాన్ని మార్చదు. ఎలక్ట్రానిక్ మీటరు చేసేదీ ఇదే: సెకనుకు వేలసార్లు వోల్టేజీ, కరెంటులను చూసి, హెచ్చించి, కూడుతుంది. ఇళ్లలో బిల్లు ఈ లెక్క మీదే కాబట్టి బుదేనుకూ ఫ్రీజెకూ మన గోడ మీది మీటరుతో పని లేదు.

తేలనిది కేవీఏ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో హెచ్‌టీ (హైటెన్షన్) పరిశ్రమలకు బిల్లు కేవీఏహెచ్ (కేవీఏ అవర్ల) లెక్కన వస్తుంది. కేవీఏ గట్టడానికి కనీసం రెండు దారులున్నాయి. నిజమైన పవరునూ మూలతరంగపు రియాక్టివ్ పవరునూ పాత త్రిభుజంలో కలపడం ఒకటి. వంకరలతో సహా వోల్టేజీ, కరెంటుల ఆర్ఎంఎస్ విలువలను హెచ్చించడం రెండోది. నున్నటి తరంగంలో రెండూ ఒకటే. కెపాసిటర్లు సరిగ్గా కట్టి మూలతరంగం పవర్ ఫ్యాక్టర్ ఒకటికి తెచ్చుకున్నా, కరెంటులో హార్మోనిక్‌లు 40 శాతం ఉన్న ఫ్యాక్టరీని తీసుకోండి. నెలకు లక్ష కిలోవాట్ అవర్లు వాడితే మొదటి దారిలో లక్ష కేవీఏహెచ్, రెండో దారిలో సుమారు 1,07,700. హార్మోనిక్‌లు కూడా లైనునూ ట్రాన్స్‌ఫార్మర్‌నూ వేడెక్కిస్తాయి కాబట్టి రెండో దారి న్యాయమని ఒక పక్షం. వినియోగదారుడి కరెంటు వంకరలో కొంత పక్కవాళ్లు పాడుచేసిన వోల్టేజీ నుంచి దిగుమతి అయినదీ ఉంటుంది, దానికి అతనెందుకు కట్టాలని రెండో పక్షం. ఎవరి వంతు ఎంతో మీటరు దగ్గరి కొలతలతోనే విడదీసే పద్ధతి మీద ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు. అది కుదిరేలోగా, హెచ్‌టీ బిల్లు కట్టేవారు తమ మీటరు కేవీఏహెచ్‌ను ఈ రెంటిలో ఏ దారిలో గడుతోందో డిస్కమ్‌ను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.